ఇంటర్ తర్వాత విదేశీ డిగ్రీ: జల్లెడ గుమ్మం బయటుందా, లోపలుందా?

ఇంటర్ మెమో మీద గ్రేడ్ ‘ఎ’ అని ఉంటుంది. వెయ్యికి 750 వచ్చినా ఎ, 985 వచ్చినా ఎ. ఈ సంగతి మన ఇళ్లలో అందరికీ తెలుసు. అందుకే గ్రేడును ఎవరూ పట్టించుకోరు, మార్కులే అడుగుతారు. అదే మెమో వేరే దేశంలో అడ్మిషన్ల ఆఫీసు టేబుల్ మీదికి వెళ్లాక కథ మారుతుంది. ఒక దేశం ఆ మార్కుల్ని సూత్రంలో వేసి తన లెక్కలోకి మార్చుకుంటుంది. ఇంకో దేశం ‘మార్కులు సరే, తొమ్మిదో తరగతి నుంచి నీ రికార్డు ఏది’ అంటుంది. మరో దేశమైతే ‘బాగానే చదివావు గానీ, మా దగ్గర నేరుగా డిగ్రీలో చేరడానికి ఇది చాలదు’ అంటుంది.

విద్యార్థులూ తల్లిదండ్రులూ ఎక్కువగా ర్యాంకింగులు, ఫీజులు, ఉద్యోగాల గురించి అడుగుతారు. వాటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆ దేశంలో జల్లెడ ఎక్కడ పెట్టారు? ప్రతి దేశమూ పిల్లల్ని ఎక్కడో ఒకచోట జల్లిస్తుంది. మన దగ్గర అది గుమ్మం బయటే ఉంది. ఈఏపీసెట్‌లో 3 గంటల్లో 160 ప్రశ్నలు, ఇంజినీరింగ్‌కి లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఒక్కో ప్రశ్నకి 70 సెకన్లు కూడా దక్కవు. ఆ జల్లెడ దాటి సీటు తెచ్చుకుంటే, లోపల నాలుగేళ్లు కాస్త అటూ ఇటూగా గడిచిపోతాయన్నది మనందరి అనుభవం. జపాన్, చైనా, కొరియాల్లో కూడా జల్లెడ బయటే ఉంది. జర్మనీ, నెదర్లాండ్స్, ఫ్రాన్స్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా కోర్సులకు గుమ్మం తెరిచే ఉంటుంది. అసలు జల్లెడ లోపల, మొదటి ఏడాదిలో ఉంటుంది. సీటు వచ్చింది కదా అని ఊపిరి పీల్చుకునే మన అలవాటు దెబ్బతినేది అక్కడే.

జర్మనీ గురించి ఎక్కువ రాస్తాను. ఫీజు లేదన్న ఒక్క మాట విని అటు చూసే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. తప్పులు కూడా అక్కడే ఎక్కువ జరుగుతున్నాయి.

ముందుగా, జర్మనీ మన ఇంటర్‌ని నేరుగా ఎందుకు ఒప్పుకోదో చూద్దాం. అక్కడి పిల్లలు మొత్తం 12 లేదా 13 ఏళ్లు చదివి, గిమ్నాజియం అనే బడి చివర్లో ఆబిటూర్ అనే పరీక్ష రాస్తారు. ఆబిటూర్ మొత్తం 900 పాయింట్లు. అందులో 600 చివరి రెండేళ్ల క్లాసు ఫలితాల నుంచి, 300 చివరి పరీక్షల నుంచి వస్తాయి. అంటే వాళ్లు యూనివర్సిటీకి వచ్చేసరికి వ్యాసం రాయడం, నోటితో సమాధానం చెప్పడం, ఒక లెక్కని మొదటి మెట్టు నుంచి చివరిదాకా నిరూపించడం రెండేళ్లు చేసి ఉంటారు. విదేశీ సర్టిఫికెట్లను పోల్చి చూసే వాళ్ల డేటాబేస్ పేరు అనాబిన్. దాని ప్రకారం ఇండియాలో 12వ తరగతి మాత్రమే పూర్తిచేసిన వాళ్లకి నేరుగా ప్రవేశం లేదు. దారులు మూడున్నాయి.

మొదటిది స్టూడియన్‌కొల్లెగ్. రెండు సెమిస్టర్లు, అంటే ఒక ఏడాది, యూనివర్సిటీకి సిద్ధం చేసే కోర్సు ఇది. ఇంజినీరింగ్, లెక్కలు, సైన్సు వైపు వెళ్లేవాళ్లకి టి-కోర్సు, వైద్యం, జీవశాస్త్రం వైపు ఎం-కోర్సు, ఎకనామిక్స్, బిజినెస్ వైపు డబ్ల్యూ-కోర్సు. మీ ఇంటర్ గ్రూపుకీ, చదవాలనుకున్న సబ్జెక్టుకీ పొంతన ఉండాలి. చివర్లో ఫెస్ట్‌స్టెల్లుంగ్స్‌ప్రూఫుంగ్ అనే పరీక్ష ఉంటుంది. అది పాసైతే ఆ రంగంలో డిగ్రీకి దరఖాస్తు చేసుకోవచ్చు. రెండోది, ఇండియాలో గుర్తింపు ఉన్న యూనివర్సిటీలో ఒక ఏడాది డిగ్రీ పూర్తిగా పాసై, అదే రంగంలో అక్కడ దరఖాస్తు చేయడం. మూడోది జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో క్వాలిఫై కావడం. ఐఐటీలో సీటు రాకపోయినా సరే, అడ్వాన్స్‌డ్ క్వాలిఫై అయి ఉంటే టెక్నికల్, సైన్స్ కోర్సులకు నేరుగా దరఖాస్తు చేయవచ్చు. లాంగ్ టర్మ్ కోచింగ్‌లో ఒక ఏడాది పెట్టి, కోరుకున్న ఐఐటీ రాక ఆ ఏడాది వృథా అయిందని బాధపడే పిల్లలకి ఈ మాట తప్పకుండా చెప్పాలి. ఆ స్కోర్ కార్డుకి ఇంకోచోట విలువుంది.

మూడింటిలో ఏది మేలు? భాష మీద బాగా పట్టున్నవాళ్లని మినహాయిస్తే, నా ఓటు స్టూడియన్‌కొల్లెగ్‌కే. ఏడాది ఎక్కువ పడుతుందని చాలామంది దాన్ని తప్పించుకోవాలని చూస్తారు. కానీ లిమిట్, డెరివేటివ్, మొమెంట్ ఆఫ్ ఇనర్షియా అన్న మాటలు జర్మన్‌లో విని, జర్మన్‌లో రాసి, బోర్డు దగ్గర నిలబడి జర్మన్‌లో చెప్పే అలవాటు అయ్యేది అక్కడే. నేరుగా వెళ్లినవాళ్లకి లెక్కలు తెలియక కాదు, ప్రశ్న ఏమడుగుతుందో అర్థం కాక మొదటి సెమిస్టర్ పోతుంది. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఇంగ్లిషులో నడిచే డిగ్రీ కోర్సులు తక్కువ. ఇంగ్లిషులో దొరికేవి ఎక్కువగా మాస్టర్స్. ‘జర్మనీలో ఇంగ్లిషులోనే చదవొచ్చట’ అని విన్న మాట చాలావరకు ఎంఎస్ గురించి చెప్పినదే.

స్టూడియన్‌కొల్లెగ్‌లో చేరడానికే ప్రవేశ పరీక్ష ఉంటుంది, జర్మన్ భాష, టి-కోర్సుకైతే లెక్కలు కూడా. భాషకి ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుంటాయి. అందులో కనీసం బీ1, చాలాచోట్ల బీ2 స్థాయి కావాలి. సున్నా నుంచి బీ2 దాకా రావడానికి సుమారు 600 నుంచి 800 పాఠాలు పడతాయి, ఒక్కో పాఠం 45 నిమిషాలు. రోజుకు మూడు పాఠాలు, వారానికి ఐదు రోజుల చొప్పున లెక్కేస్తే పది నెలల నుంచి ఏడాది. పొద్దున్న ఆరింటి నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా నడిచే మన రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో దీనికి చోటు లేదు. కాబట్టి ఇంటర్ రెండో ఏడాది మార్చి పరీక్షలు రాసి అదే అక్టోబరులో జర్మనీలో ఉంటామన్న ప్రణాళిక మామూలుగా నడవదు. ఇంటర్ అయ్యాక ఒక ఏడాది భాషకి ఇవ్వండి. లేదా డిగ్రీ మొదటి ఏడాది చదువుతూ, పక్కన భాష నేర్చుకుంటూ, రెండో దారిని కూడా తెరిచి ఉంచండి.

ఇక కాగితాలు. 2022 నవంబరు 1 నుంచి భారతీయ విద్యార్థులకి ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి. మన మెమోలు అసలైనవేనా, వాటితో అక్కడ ఏ కోర్సులో చేరే అర్హత ఉంది అని తేల్చే సంస్థ అది. ఫీజు 18,000 రూపాయలు. వారాలు పడుతుంది, రద్దీ కాలంలో ఇంకా ఎక్కువ. చలికాలపు సెమిస్టర్‌కి చాలా యూనివర్సిటీల గడువు జులై 15, వేసవి సెమిస్టర్‌కి జనవరి 15. స్టూడియన్‌కొల్లెగ్ గడువులు చాలాచోట్ల ఇంతకన్నా ముందే ముగుస్తాయి. అనేక యూనివర్సిటీలు దరఖాస్తుల్ని ఊనీ-అసిస్ట్ అనే ఉమ్మడి సంస్థ ద్వారా తీసుకుంటాయి. అక్కడ మొదటి దరఖాస్తుకి 75 యూరోలు, అదే సెమిస్టర్‌లో తర్వాతి ఒక్కోదానికి 30. ఫైలు చూడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు. గడువు రోజున పంపితే, ఒక కాగితం తక్కువైందన్న మెయిల్ వచ్చేసరికి గడువు దాటి ఉంటుంది.

మార్కుల్ని వాళ్ల గ్రేడులోకి మార్చే సూత్రాన్ని మీరే ఇంట్లో వేసి చూసుకోవచ్చు. గరిష్ఠ మార్కుల్లోంచి మీ మార్కులు తీసేయండి. వచ్చినదాన్ని మూడుతో గుణించండి. దాన్ని గరిష్ఠ మార్కులకీ పాస్ మార్కులకీ ఉన్న తేడాతో భాగించండి. దానికి ఒకటి కలపండి. వెయ్యికి 940 వచ్చిందనుకోండి, పాస్ 350. 60 ఇంటూ 3 అంటే 180, దాన్ని 650తో భాగిస్తే సుమారు 0.28, ఒకటి కలిపితే 1.28. అక్కడ 1.0 అన్నిటికన్నా మంచిది, 4.0 అంటే బొటాబొటి పాస్. అదే 700 మార్కులైతే 2.38. స్టూడియన్‌కొల్లెగ్ చేస్తే ఈ గ్రేడుకీ, అక్కడి చివరి పరీక్ష గ్రేడుకీ సగటు తీస్తారు. అంటే ఇంటర్ మార్కులు తక్కువైనవాళ్లకి బాగుచేసుకునే అవకాశం ఉంది, 980 తెచ్చుకుని అక్కడ అలసత్వం చూపినవాళ్లకి కిందికి జారే ప్రమాదమూ ఉంది.

డబ్బు విషయం. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదన్నది చాలావరకు నిజమే. కానీ బాడెన్-వూర్టెంబెర్గ్ రాష్ట్రంలో యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులకు 2017 నుంచి సెమిస్టర్‌కి 1,500 యూరోలు ఉంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 చలికాలం నుంచి బయటి దేశాలవాళ్ల దగ్గర ఫీజు తీసుకుంటోంది. వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాది ఖర్చు ముందే చూపాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. నెలకి 992 చొప్పున మాత్రమే బయటికి తీసుకోగలరు. అక్కడికి వెళ్లగానే గది అడ్వాన్సు, మొదటి నెల అద్దె, ఇన్సూరెన్సు, సెమిస్టర్ రుసుము అన్నీ ఒకేసారి మీద పడతాయి, 992తో సరిపోవు. ఆ మొత్తం కాకుండా చేతిలో ఇంకొంత ఉంచుకోవాలి.

ప్రైవేటు స్టూడియన్‌కొల్లెగ్‌లు ఫీజు తీసుకుని చేర్చుకుంటాయి. చేరేముందు ఒక్కటి తేల్చుకోండి: చివరి పరీక్షని ప్రభుత్వ గుర్తింపుతో వాళ్లే పెడతారా, లేక మీరు బయట ఇంకోచోట రాసుకోవాలా? రెండోదైతే అది ట్యూషన్ సెంటర్ కిందే లెక్క.

ఇప్పుడు లోపలి జల్లెడ. జర్మన్ యూనివర్సిటీలో లెక్చర్లకి హాజరు సాధారణంగా తీసుకోరు. 75 శాతం అటెండెన్స్ లేకపోతే హాల్ టికెట్ ఇవ్వమనే మన కాలేజీ నుంచి వెళ్లినవాడికి ఇది స్వేచ్ఛలా కనిపిస్తుంది. కానీ చాలా సబ్జెక్టుల్లో ప్రతివారం ఒక లెక్కల కాగితం ఇస్తారు, సాధించి తిరిగివ్వాలి. వాటిలో చాలాచోట్ల సగం పాయింట్లు వస్తేనే చివరి పరీక్షకి కూర్చోనిస్తారు. ఆ పరీక్షకి కూడా మీరే విడిగా పేరు నమోదు చేసుకోవాలి. కోర్సులో ఉన్నాం కదా, పేరు దానంతటదే ఉంటుందిలే అనుకుని నమోదు గడువు పోగొట్టుకునేవాళ్లు ఏటా ఉంటారు. పరీక్ష గంటన్నర లేదా రెండు గంటలు, నాలుగైదు పెద్ద ప్రశ్నలు, ప్రతి మెట్టూ రాయాలి. ఆప్షన్లు ఉండవు. ఆప్షన్లు చూసి వెనక్కి లెక్కకట్టే షార్ట్‌కట్లు మన కోచింగ్‌లో ఎంత బాగా నేర్చుకున్నా అక్కడ పనికిరావు. పైగా ఒక్కో పరీక్షకి ఇన్నిసార్లే అని లెక్కుంటుంది, ఎక్కువగా రెండు లేక మూడు. తప్పనిసరి సబ్జెక్టులో ఆఖరి అవకాశం కూడా తప్పితే ఆ కోర్సు నుంచి తీసేస్తారు. అదే కోర్సుని జర్మనీలో ఇంకే యూనివర్సిటీలోనూ సాధారణంగా చదవనివ్వరు. బ్యాక్‌లాగ్‌లు ఫైనలియర్‌లో క్లియర్ చేసుకోవచ్చన్న భరోసా మనసులో పెట్టుకుని వెళ్లకూడని దేశం ఇది.

నెదర్లాండ్స్‌దీ ఇదే తీరు, కాకపోతే ఇంకా నిక్కచ్చి. మొదటి ఏడాది 60 క్రెడిట్లుంటాయి. అందులో యూనివర్సిటీ చెప్పినన్ని, చాలాచోట్ల 45 దాకా, రాకపోతే ఆ కోర్సులో కొనసాగనివ్వరు. సీట్ల పరిమితి ఉన్న కోర్సులకు గడువు జనవరి 15. అంటే మన ఇంటర్ చివరి పరీక్షలకన్నా ముందే. ఇంటర్ ఫలితాలు వచ్చాక చూద్దామంటే అప్పటికే ఆ ఏడాది తలుపు మూసి ఉంటుంది.

ఇంగ్లండ్‌లో జల్లెడ గుమ్మం బయటే ఉంది గానీ, అది పరీక్ష కన్నా ముందే మొదలవుతుంది. అక్కడి పిల్లలు 16 ఏళ్లకి జీసీఎస్ఈ అనే పరీక్షలు రాసి, తర్వాత రెండేళ్లు మామూలుగా మూడే సబ్జెక్టులు ఎ-లెవెల్‌లో లోతుగా చదువుతారు. పరీక్ష రాయకముందే, వచ్చే మార్కుల్ని టీచరు అంచనా వేసి పంపితే, ఆ అంచనా మీద యూనివర్సిటీలు షరతులతో సీటు ఇస్తాయి. ఆగస్టు నడుమ ఒక గురువారం ఫలితాలొస్తాయి. షరతు తీరితే సీటు ఖాయం, లేకపోతే మిగిలిన సీట్ల కోసం క్లియరింగ్.

దరఖాస్తు అంతా యూకాస్ అనే ఒకే చోట. ఐదు ఎంపికలు. వైద్యం, దంతవైద్యం, పశువైద్యానికి నాలుగే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకీ, వైద్యానికీ గడువు అంతకుముందు ఏడాది అక్టోబరు 15. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెండింటికీ ఒకే ఏడాది దరఖాస్తు చేయకూడదు. మిగతావాటికి జనవరి గడువు. పర్సనల్ స్టేట్‌మెంట్ 4,000 అక్షరాలు, ఖాళీలతో కలిపి. 2026లో చేరేవాళ్ల నుంచి దాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు, ఒక్కోదానికి కనీసం 350 అక్షరాలు. ఇందులో నాన్నగారి కష్టం, చిన్నప్పటి కల గురించి రాసి చోటు పాడుచేసుకోవద్దు. ఎంచుకున్న సబ్జెక్టులో సిలబస్ బయట ఏం చదివారు, ఏం చేసి చూశారు, దాన్నుంచి ఏం తెలుసుకున్నారు, ఇదే కావాలి వాళ్లకి. ఐదు యూనివర్సిటీలకీ వెళ్లేది ఒకే స్టేట్‌మెంట్. రెండు కంప్యూటర్ సైన్సుకీ మూడు బిజినెస్‌కీ పెడితే అది దేనికీ అతకదు.

మన పిల్లలకి ఇక్కడ ఒక మేలుంది, దాన్ని ఎవరూ వాడుకోవడం లేదు. ఇంటర్ మొదటి ఏడాదికే పబ్లిక్ పరీక్ష రాసిన మార్కుల మెమో చేతిలో ఉంటుంది. అంచనా మార్కులు వేసే అలవాటు మన జూనియర్ కాలేజీలకి లేదు. ప్రిన్సిపాల్‌కి మొదటి ఏడాది మెమో చూపించి, దాని ఆధారంగా రెండో ఏడాది అంచనా రాయమని అడగడం తేలిక. రెండో ఏడాది ఫలితాలు మామూలుగా ఏప్రిల్‌లో వచ్చేస్తాయి. అంటే ఇంగ్లండ్ పిల్లలు ఆగస్టు దాకా గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంటే, మీ సీటు మే నెలకే ఖాయం చేసుకుని వీసా పనిలో పడవచ్చు. ఇండియా కింద యూనివర్సిటీ పేజీలో సీబీఎస్ఈ, ఐఎస్‌సీలకి ఒక శాతం, రాష్ట్ర బోర్డులకి వేరే శాతం అడిగే చోట్లున్నాయి. మీ బోర్డు పేరు ఆ పేజీలో లేకపోతే కన్సల్టెన్సీని కాకుండా నేరుగా అడ్మిషన్ల ఆఫీసునే మెయిల్‌లో అడగండి. రాతలో వచ్చిన జవాబు దాచుకోండి.

రెండు ఆఫర్లు పట్టుకోనిస్తారు, మొదటి ఎంపిక ఒకటి, అది తప్పితే పనికొచ్చే ఇన్సూరెన్స్ ఒకటి. ఇన్సూరెన్స్‌గా మొదటిదానికన్నా తక్కువ మార్కుల షరతు ఉన్నది పెట్టుకోవాలి. రెండిట్లోనూ ఒకే షరతు ఉంటే రెండోది ఉన్నా లేనట్టే.

వీసాకి డబ్బు చూపే నియమం దగ్గర మన కుటుంబాలు పదేపదే తడబడతాయి. మొదటి ఏడాది ఫీజులో మిగిలినదీ, తొమ్మిది నెలల దాకా జీవన ఖర్చూ వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. మధ్యలో ఒక్కరోజు తగ్గినా లెక్క మళ్లీ మొదటి నుంచి. ఆ 28 రోజుల చివరి తేదీ దరఖాస్తుకి 31 రోజులకన్నా పాతది కాకూడదు. ఖాతా విద్యార్థిది గానీ తల్లిదండ్రులది గానీ అయి ఉండాలి. బాబాయి ఖాతా, మేనమామ ఎఫ్‌డీ లెక్కలోకి రావు. చిట్టీ పాడిన డబ్బయినా, పొలం అమ్మిన డబ్బయినా ముందే అమ్మానాన్నల ఖాతాలోకి తెచ్చి కదలకుండా ఉంచాలి. తల్లిదండ్రుల ఖాతా చూపితే బంధుత్వానికి బర్త్ సర్టిఫికెట్ కావాలి. మున్సిపాలిటీ ఇచ్చిన పాత బర్త్ సర్టిఫికెట్లలో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉండటం మన దగ్గర మామూలు. ఇంటర్ చదువుతుండగానే దాన్ని సరిచేయించండి.

లోపలికి వెళ్లాక ఇంగ్లండ్‌లో మార్కుల కొలత వేరు. 40 పాస్, 70 వస్తే ఫస్ట్ క్లాస్. 98 మీద అలవాటైన పిల్లలకి 62 కనిపిస్తే గుండె జారిపోతుంది. అది మంచి మార్కే అని ఇంట్లోవాళ్లు ముందే తెలుసుకుని ఉండాలి. మొదటి ఏడాది మార్కులు చాలా కోర్సుల్లో డిగ్రీకి ఇచ్చే క్లాసు లెక్కలో కలవవు. ఇంకో సంగతి: మొదటి రోజు నుంచీ ఒకే సబ్జెక్టు. బ్రాంచి మారడం కష్టం. స్కాట్లాండ్‌లో డిగ్రీ నాలుగేళ్లు, మొదటి రెండేళ్లలో పక్క సబ్జెక్టులు కూడా చదవనిస్తారు. ఏం చదవాలో ఇంకా తేలని పిల్లలకి అది నయం.

అమెరికాలో జల్లెడ ఒకచోట లేదు, నాలుగేళ్ల పొడవునా పరిచి ఉంది. తొమ్మిదో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా మార్కుల రికార్డు అడుగుతారు. అక్కడ ఆ నాలుగేళ్లూ ఒకే హైస్కూలు. మన దగ్గర తొమ్మిది, పది ఒక బడిలో, ఇంటర్ వేరే కాలేజీలో. రెండు చోట్ల నుంచీ ట్రాన్స్‌క్రిప్టులు తెచ్చుకోవాలి. తొమ్మిదో తరగతి మార్కులు బోర్డు దగ్గర ఉండవు, బడి రిజిస్టర్‌లో మాత్రమే ఉంటాయి. పదో తరగతి అయ్యాక టీసీ తీసుకునే రోజునే తొమ్మిదో తరగతి మార్కులు లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్రతో రాయించుకోండి. రెండేళ్ల తర్వాత వెళ్తే రిజిస్టర్ దొరకడం కష్టం, కొన్నిసార్లు ఆ బడే ఉండదు.

అనేక కాలేజీలకి ఒకేచోట దరఖాస్తు చేసే కామన్ యాప్‌లో 20 కాలేజీల దాకా చేర్చుకోవచ్చు. ప్రధాన వ్యాసం 650 పదాలు మించకూడదు. నవంబరులో ఎర్లీ డెసిషన్ కింద వేస్తే, సీటొస్తే చేరి తీరాలి. స్కాలర్‌షిప్పులు పోల్చి చూసుకోవాల్సిన కుటుంబాలు దాని జోలికి పోకపోవడమే మంచిది. మామూలు గడువు ఎక్కువగా జనవరి మొదట్లో, చేరతామని చెప్పే తేదీ సాధారణంగా మే 1. కాలేజీ కౌన్సెలర్, టీచర్ల సిఫారసు లేఖలు కూడా కావాలి. 120 మంది సెక్షన్‌లో లెక్చరర్‌కి మీ పేరు తెలియకపోతే ఆ లేఖలో రాయడానికి ఏమీ ఉండదు. మొదటి ఏడాదిలోనే ఒకరిద్దరు లెక్చరర్లకి సందేహాలతో దగ్గరవ్వండి. సీటొచ్చాక కూడా రెండో ఏడాది మార్కులు పంపాలి, మరీ పడిపోతే సీటు వెనక్కి తీసుకునే హక్కు వాళ్లకుంది.

ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు చదవాలి. కష్టంగా ఉందని ఒక సబ్జెక్టు వదిలేస్తే 12 కిందికి పడుతుందేమో చూసుకోండి. అలా పడేలా ఉంటే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతి తీసుకోవాలి. వదిలేశాక చెబితే వీసా హోదా పోతుంది.

జపాన్ ఒక్క ముక్కలో. విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. జనవరి నడుమ రెండు రోజులు ఉమ్మడి పరీక్ష, ఫిబ్రవరి 25 నుంచి ప్రభుత్వ యూనివర్సిటీల సొంత పరీక్షలు. విదేశీయులకి ఈజేయూ అనే ప్రవేశ పరీక్ష జూన్, నవంబరులలో. మన ఇంటర్ ఫలితాలు ఏప్రిల్‌లో వస్తాయి కాబట్టి అదే ఏడాది ఏప్రిల్‌లో చేరడం కుదరదు. ఇంగ్లిషులో నడిచే సెప్టెంబరు, అక్టోబరు కోర్సులు మన క్యాలెండర్‌కి సరిపోతాయి.

బైపీసీ పిల్లల సంగతి వేరు. వైద్యం చదవడానికి ఏ దేశం వెళ్లినా, తిరిగొచ్చి ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే నీట్ అర్హత ఉండి తీరాలి. జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరు నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు, ఇంగ్లిషు మీడియంలో, దానికి అదనంగా 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే విదేశీ సంస్థలో పూర్తికావాలి. ఆ దేశంలో అక్కడి పౌరుల్లాగే ప్రాక్టీసుకి అర్హత వచ్చే డిగ్రీ అయి ఉండాలి. ఏజెంటు ‘మొత్తం ఆరేళ్లు’ అన్నప్పుడు అందులో భాషకెంత, ప్రీ-మెడికల్‌కెంత, అసలు మెడిసిన్‌కెంత అని విడగొట్టి రాతలో అడగండి. భాష నేర్చుకున్న నెలలు 54లో కలవవు.

ఏ దేశమైనా పేరు దగ్గర జాగ్రత్త. మన ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో దానికి వేరే గడి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలి మొత్తం పేరు ఒకే గడిలో రాస్తే, అమెరికా వీసా మీద పేరంతా సర్‌నేమ్ అయి, అసలు పేరు చోట ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. తర్వాత బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు, డిగ్రీ సర్టిఫికెట్ అన్నిట్లోనూ అదే వెంటాడుతుంది. పదో తరగతి నామినల్ రోల్స్ మీద సంతకం పెట్టే రోజునే ఇంటిపేరు పూర్తిగా రాయించండి, అక్షరాలు సరిచూడండి. ఇంటర్ మెమో దాన్నే అనుసరిస్తుంది, పాస్‌పోర్టుని దానికి సరిపోల్చుకుంటే చాలు.

ఇంకొకటి, దాదాపు ప్రతి ఇంట్లో జరిగేది. వీసా వస్తుందో రాదో అని ఆగస్టులో ఇక్కడే బీటెక్‌లో చేరి ఉంచుతారు. చేరడం తప్పు కాదు. కానీ చేరేటప్పుడు ఎస్సెస్సీ, ఇంటర్ అసలు మెమోలూ టీసీ కాలేజీ బీరువాలోకి పోతాయి. వీసా ఇంటర్వ్యూకి వారం ముందు వాటికోసం తిరిగితే, నాలుగేళ్ల ఫీజు కట్టి తీసుకెళ్లమనే మాట వినాల్సి వస్తుంది. యూజీసీ 2018 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం కాలేజీలు అసలు సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకోకూడదు. సరిచూసి వెంటనే తిరిగివ్వాలి. చేరే రోజున ఆ నోటిఫికేషన్ ప్రతిని చేత్తో పట్టుకెళ్లండి. మెమోలు చూపించండి, అటెస్ట్ చేసిన జిరాక్సులు ఇవ్వండి. టీసీ ఇస్తే రసీదు తీసుకోండి. డిజీలాకర్‌లోంచి మెమోలు దించుకుని పెట్టుకోండి, కానీ కాన్సులేట్‌లో అసలు కాగితం అడిగితే అది చూపి సరిపెట్టలేరు. అసలు మెమోలు ఇంట్లో, బీరువాలో, ప్లాస్టిక్ ఫోల్డర్‌లో ఉండాలి, లామినేషన్ చేయకుండా. లామినేట్ చేసిన సర్టిఫికెట్ల మీద అటెస్టేషన్ ముద్ర వేయడం కుదరదు.